హైదరాబాద్ నుంచి వైజాగ్: విమానం గంటా పావు, ప్రయాణం ఓ పూట

శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి నేరుగా గీత గీస్తే దాదాపు 510 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా పావు, కాస్త అటూ ఇటూగా చూపిస్తారు. అది చూసి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు అనుకుంటారు గానీ, కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఎంవీపీ కాలనీలో చుట్టాలింటి బెల్లు కొట్టేదాకా లెక్కేసుకుంటే అయిదు గంటలు ఖాయం, సాయంత్రం ట్రాఫిక్‌లో పడితే ఇంకా ఎక్కువే.

ఆ గంటా పావులోనూ గాల్లో ఉండేది ఓ గంట. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా మొత్తం కలిపి ఇచ్చే టైమది, రన్‌వే ముందు వరసలో నిలబడటం కూడా అందులోనే. సీటు బెల్టు లైటు ఆరి, కాఫీ బండి మన వరస దాకా వచ్చేసరికి దిగబోతున్నామని చెప్పేస్తారు! బుక్ చేసేముందు ఏ విమానమో చూసుకోండి. ఫ్యాన్ రెక్కలు తిరిగే ఏటీఆర్ గంటకు 500 కి.మీ. దగ్గర వెళ్తుంది, జెట్ 800 దాటుతుంది.

అసలు టైమంతా పోయేది నేల మీదే. శంషాబాద్‌కి మెట్రో లేదు. ఎయిర్‌పోర్టుకి ఆర్టీసీ నడిపే పుష్పక్ బస్సులు బాగుంటాయి, సామాను పెట్టుకోడానికి చోటు ఉంటుంది, ఒక్కరే వెళ్తుంటే క్యాబ్ కంటే అదే నయం. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు అక్కడుంటేనే టెన్షన్ ఉండదు. చేతి బ్యాగు ఒక్కటే అయితే వెబ్ చెకిన్ చేసుకుని నేరుగా సెక్యూరిటీకి వెళ్లిపోవచ్చు, రెండు వైపులా కలిపి అరగంట పైనే మిగులుతుంది.

వందేభారత్ అయితే సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు, పట్టాల మీద దాదాపు 700 కి.మీ. ఇంటి నుంచి స్టేషన్‌కీ, అక్కడ దిగి చుట్టాలింటికీ పట్టే టైము కూడా కలిపితే విమానంతో మిగిలేది నిజానికి నాలుగైదు గంటలే. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను రైలే చెప్తాను, సామాను తూకం గొడవ లేదు, స్టేషన్ కూడా ఊరి మధ్యలోనే. రాత్రి నిద్రపోగలిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇంకా మేలు, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, పగలేమీ పోదు. మీటింగో పెళ్లో ఉండి వెళ్లిన రోజే తిరిగి రావాలంటే మాత్రం విమానమే.

వైజాగ్‌లో ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో, ఎన్ఏడీ జంక్షన్‌కి దగ్గర్లో ఉంది. చిన్నది కాబట్టి త్వరగానే బయటపడతాం. ఒక్క రాత్రి బసకి ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కలే సౌకర్యం. రుషికొండలో సముద్రం ఎదురుగా గది బాగుంటుంది, కానీ ఊరికి అవతలి కొస, పొద్దున్నే ఫ్లైటుంటే అక్కడ దిగొద్దు. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టుకి విమానాలు మారాక ఈ లెక్క తిరగబడుతుంది. ఊరి నుంచి దాదాపు 45 కి.మీ. దూరం కాబట్టి అప్పుడు రుషికొండ వైపు బసే దగ్గరవుతుంది, ఊళ్లో పనున్నవాళ్లకి మాత్రం ఆ మిగిలే నాలుగైదు గంటల్లోంచి ఇంకో గంట పోయినట్టే.