వేరా, దట్టా, విచ్చా? ముందు తెలుగు విభక్తి చూడండి

ఇంగ్లిష్ రిలేటివ్ ప్రొనౌన్ (వేర్, దట్, విచ్, హూ లాంటి కలిపే మాట) దగ్గర మనం తడబడటానికి కారణం మన భాషలోనే ఉంది. ‘నేను చదివిన కాలేజీ’, ‘నేను చూసిన కాలేజీ’ తెలుగులో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కాలేజీలోనా, కాలేజీనా అన్నది విడిగా చెప్పక్కర్లేదు, వినేవాళ్ళకి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అది చెప్పి తీరాలి. అక్కడే ‘అరకు ఈజ్ ద ప్లేస్ వేర్ వి విజిటెడ్’ లాంటి తప్పు పుడుతుంది. ‘ప్లేస్’ కనబడగానే చెయ్యి ‘వేర్’ మీదికి పోతుంది.

వేర్, దట్‌లలో ఏది మేలో తేల్చడానికి తెలుగు మాటను విప్పి మామూలు వాక్యం చేయండి. ‘కాలేజీలో చదివాను’. ‘లో’ వచ్చింది కాబట్టి వేర్, లేదా ఇన్ విచ్. ‘కాలేజీని చూశాను’. ‘ని’ వచ్చింది కాబట్టి దట్ లేదా విచ్. మాట్లాడేటప్పుడు ఆ ‘ని’ రాలిపోయినా ఉన్నట్టే లెక్క. ‘అరకు చూశాం’ కాబట్టి ‘ద ప్లేస్ దట్ వి విజిటెడ్’ సరైనది. అదే ‘అరకుకి వెళ్ళాం’ అంటే ‘కి’ ఉంది, ఇంగ్లిష్‌లో దట్ వాడితే దాని బదులు ‘టు’ ఉండాలి: ‘ద ప్లేస్ దట్ వి వెంట్ టు’. చివరి ‘టు’ని చాలామంది మింగేస్తారు.

ఫిషింగ్ హార్బర్‌లో ‘బోటు మునిగిన జాలరి’ అంటాం. మునిగింది జాలరి కాదు, అతని బోటు. విప్పితే ‘జాలరి బోటు మునిగింది’ అని వస్తుంది. ఇలా సొంతదారు సంబంధం ఉంటే హూజ్ వాడాలి: ‘ద ఫిషర్‌మన్ హూజ్ బోట్ శాంక్’. ‘హూ హిజ్ బోట్’ తప్పు. హూజ్ మనుషులకే అనుకోకండి, ‘ద బోట్ హూజ్ ఇంజిన్ ఫెయిల్డ్’ కూడా మంచి ఇంగ్లిషే.

ఇక విచ్, దట్. ఇక్కడ తీర్పు కామాది. ‘ఐఎన్‌ఎస్ కుర్సురా, విచ్ వజ్ డీకమిషన్డ్ ఇన్ 2001, ఈజ్ నౌ ఎ మ్యూజియం.’ కుర్సురా అనే సబ్‌మరీన్ ఒక్కటే. మధ్య ముక్క తీసేసినా దేని గురించో తెలుస్తుంది. కాబట్టి ముందూ వెనకా రెండు కామాలు, విచ్. రెండో కామా మర్చిపోవడం మామూలు పొరపాటు. ‘ద సబ్‌మరీన్ దట్ స్టాండ్స్ ఆన్ ఆర్‌కే బీచ్ ఈజ్ ఎ మ్యూజియం’ అన్నప్పుడు ఆ ముక్క తీసేస్తే ‘ఏ సబ్‌మరీన్?’ అని అడగాల్సి వస్తుంది. తూర్పు నౌకాదళం ఉన్న విశాఖలో ఆ ప్రశ్న సహజం. కాబట్టి కామా లేదు, దట్. కామా లేని చోట విచ్ వాడటం బ్రిటిష్ ఇంగ్లిష్‌లో తప్పు కాదు, అమెరికన్లు ఎక్కువగా దట్‌నే కోరుకుంటారు. పరీక్ష రాసేవాళ్ళకి మా సలహా ఒకటే: కామా ఉంటే విచ్, లేకపోతే దట్. ఆల్, ఎవ్రీథింగ్, ఓన్లీ లాంటి మాటల తర్వాత కూడా దట్ నప్పుతుంది. ప్రిపోజిషన్ (ఇన్, టు, విత్ లాంటి మాట) వెనకాల మాత్రం దట్ రాదు. ‘ద హౌస్ ఇన్ దట్ ఐ లివ్’ చెల్లదు, ‘ఇన్ విచ్’ అనాలి.

హూ, హూమ్ గురించి ఎక్కువ బెంగ వద్దు. మాటల్లో హూ చాలు. ప్రిపోజిషన్ ముందుంటే మాత్రం హూమ్: ‘టు హూమ్’, ‘విత్ హూమ్’. ఒక్క ఉచ్చు ఉంది: ‘ద మాన్ హూ ఐ థింక్ ఈజ్ ద కెప్టెన్’. ‘ఐ థింక్’ చూసి హూమ్ పెట్టకండి. విప్పితే ‘ఐ థింక్ హీ ఈజ్ ద కెప్టెన్’, అక్కడున్నది హిమ్ కాదు.

అసలు ప్రొనౌన్ లేకుండా రాయడం కొన్నిసార్లు అన్నిటికన్నా మేలు. ‘ని’ వచ్చే చోట వదిలేయొచ్చు: ‘ద ఫిష్ ఐ బాట్ ఎట్ ద హార్బర్’. కానీ పని చేసేది ఆ వస్తువే అయితే వదలకూడదు. ‘ద బోట్ కేమ్ ఎస్టర్డే ఈజ్ లీకింగ్’ తప్పు. కేమ్‌కి ముందు దట్ ఉండాల్సిందే.