ఫైనాన్స్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ళు: లోను కట్టేసినా ఎన్ఓసీ ఆగిపోవచ్చు, జాగ్రత్త

అనంతపురం, ఆ చుట్టుపక్కల పాత కారు చూస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. నన్ను ఎవరూ మోసం చేయలేదు. అమ్మినాయన మర్యాదస్తుడు, బండి మీద ఉన్న లోను పైసాతో సహా కట్టేసినాం. అయినా లోను తీరింది, మాకు అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇయ్యాల్సిన కాగితం, అదే ఎన్ఓసీ, రాలేదు. ఏడు నెలలుగా కారు నా ఇంటి ముందర ఉంది, సి-బుక్కు (ఆర్‌సీ) ఆయన పేరు మీదనే ఉంది.

మా నాన్నను నెలనెలా బెంగళూరు ఆస్పత్రికి తీసుకపోవాల. అంతసేపు బస్సులో కూర్చోలేడు, అందుకే కారు చూసినా. తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఏపీ 02 బండి దొరికింది, 4,80,000కు బేరం కుదిరింది. అడ్వాన్సు 30,000 ఇచ్చినా. ఆర్‌సీ వెనకాల ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది, ఆయన దాచలేదు. "మిగతాది క్యాషుగా ఇయ్యన్నా, నేను పోయి లోను కట్టేస్తా" అన్నాడు. ఒక వ్యవహారంలో 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2017 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఉంది, తీసుకున్నాయనకే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఆ మాట చెప్తే బ్యాంకు ద్వారా తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఈరోజు నా దగ్గర ఉన్న గట్టి ఆధారం ఆ ట్రాన్స్‌ఫర్లే.

ఇద్దరం కలిసి బ్రాంచికి పోయినాం. లోను క్లోజ్ చేయడానికి 1,62,400 అన్నారు. ఆయన చేతికి ఇయ్యకుండా నేరుగా లోను అకౌంటుకే కట్టి రసీదు తీసుకున్నా. "వారం, పది రోజుల్లో ఎన్ఓసీ వస్తుంది సార్" అన్నాడు కౌంటర్లో పిల్లోడు. ఆ మాట నమ్మి అదే సాయంత్రం మిగతా 2,87,600 అమ్మినాయనకు పంపేసినా. నేను చేసిన తప్పు అదే. మీరు చేయొద్దు.

ఇరవై రోజులైనా ఎన్ఓసీ రాలేదు. మళ్ళీ పోతే ఆ పిల్లోడు కంప్యూటర్ స్క్రీన్ మా వైపు తిప్పినాడు. మన లోను వరుసలో బ్యాలెన్సు సున్నా. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో లోను నంబరు. ట్రాక్టర్ లోను, అమ్మినాయన బామ్మర్దిది. దానికి ఈయన గ్యారంటీ సంతకం పెట్టినాడు. మూడు కంతులు బాకీ, వడ్డీతో కలిపి 1,38,000. "అది కడితేగాని ఇది వదలదు సార్." అమ్మినాయన చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూస్తా నిలబడిపోయినాడు. ఎప్పుడో బామ్మర్ది అడిగితే పెట్టిన సంతకం, ఆయనకు గుర్తే లేదు.

బామ్మర్దిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ అమ్మినాక కడతానంటాడు. వాన పడితే శెనక్కాయ, శెనక్కాయ పండితే కంతు, కంతు కడితే నా ఎన్ఓసీ. ఆ రైతును తిట్టే మనసు నాకు రాలేదు.

ఫైనాన్స్ కంపెనీ మీద కొట్లాడదామని చూసినా. వేరే బాకీ మీద న్యాయంగా హక్కు ఉంటే తప్ప, లోను తీరినాక హామీగా పెట్టుకున్నది వదిలేయాలని రిజర్వ్ బ్యాంకు నియమావళి చెప్తుంది. అట్లా ఆపితే ఆ వివరాలన్నీ లోను తీసుకున్నాయనకు రాతపూర్వకంగా ఇయ్యాల. మేం అడిగితే ఇచ్చినారు, గ్యారంటీ పత్రం నకలుతో సహా. పైగా ఆ కంపెనీ లెక్కలో నేను ఎవరినీ కాను. వాళ్ళ కస్టమర్ ఆయన. ఉత్తరం రాయాలన్నా, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌కు పోవాలన్నా ఆయన సంతకమే కావాల.

బండి పేరు మార్పించే ఫారం 29, 30 మీద ముందే సంతకాలు తీసుకున్నా. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు (దాన్నే హెచ్‌పీ అంటారు) ఉన్నంతవరకు ఫైనాన్సర్ ఒప్పుకోలు లేకుండా అవి పనికిరావు. హెచ్‌పీ తీయాలంటే వాళ్ళ సీలు, సంతకం ఉన్న ఫారం 35 కావాల. అన్నిటికంటే భయం ఇన్సూరెన్సుది. యాక్సిడెంట్లో ఎదుటివాళ్ళకు ఏమైనా అయితే ఆర్‌సీలో పేరున్నాయనే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే పాపం అమ్మినాయన. నా బండికి దెబ్బ తగిలితే మాత్రం పాలసీ నా పేరు మీద లేదని క్లెయిము కొట్టేస్తారు. నాన్నను వెనక సీట్లో పడుకోబెట్టుకొని హైవే ఎక్కినప్పుడల్లా నాకు అదే ఆలోచన.

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొడితే బండి మీద ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది. అమ్మేటాయన ఇంకెక్కడ గ్యారంటీ ఉన్నాడో తెలియదు. అది ఆయన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఉంటుంది. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, ఆయన ఫోన్లోనే తీసి చూపించమనండి. ఒక్కో లోను దగ్గర సొంతమా, ఉమ్మడా, గ్యారంటరా అని రాసి ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. తర్వాత లోను కట్టకముందే ఆయనతోనే ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టించండి: "నా పేరు మీద వేరే లోను, గ్యారంటీ ఏమైనా ఉన్నాయా? ఈ మొత్తం కడితే ఎన్ఓసీ ఇస్తారా?" జవాబు రాతలో రావాల, కౌంటర్లో నోటి మాట లెక్కలోకి రాదు. లోను మొత్తం లోను అకౌంటుకే కట్టండి. మిగతా డబ్బులో పెద్ద భాగం ఫారం 35 చేతికి వచ్చేదాకా మీ దగ్గరే పెట్టుకోండి. ఈ షరతు అగ్రిమెంటులో రాయించండి. నిజాయితీ ఉన్న మనిషి దీనికి నొచ్చుకోడు. మా అమ్మినాయనే ఇప్పుడు అంటున్నాడు, "ఆ రోజు నువ్వు ఆపి ఉంటే నేనే బామ్మర్దిని కూర్చోబెట్టి కట్టించేటోడిని కదన్నా" అని.

ఇంకొకటి. "కంతులు మేం కట్టుకుంటాం, బండి ఇయ్యండి" అని స్టాంపు పేపరు మీద రన్నింగ్ ఫైనాన్స్ బండ్లు, అంటే లోను ఇంకా తీరని బండ్లు, చేతులు మారుతుంటాయి. ఫైనాన్స్ కంపెనీకి చెప్పకుండా రాసుకున్న ఆ పేపరుకు వాళ్ళు కట్టుబడరు. కొన్నాయన కంతులు ఆపితే అమ్మినాయన సిబిల్ పోతుంది. అమ్మినాయన పేరు మీద నోటీసు వస్తే కొన్నాయన బండి సీజ్ అవుతుంది. ఆ దారి అసలే వద్దు.

ప్రస్తుతానికి అమ్మినాయన 50,000, నేను 40,000 అప్పుగా వేసుకొని ట్రాక్టర్ బాకీ కడదామని మాట్లాడుకున్నాం. మిగతా 48,000 బామ్మర్ది తెస్తానన్నాడు. ఈసారి డబ్బు కట్టకముందే, బాకీ తీరితే ఎన్ఓసీ ఇస్తామని బ్రాంచి నుంచి మెయిల్ అడిగినాం. అది ఇంకా రాలేదు. వచ్చేదాకా నేను రూపాయి కూడా పంపను.