తక్కువ ఖర్చుతో విశాఖలో రెండు రోజులు: మా లెక్కలు, మా అభిప్రాయాలు

హైదరాబాద్ నుంచి శని, ఆదివారాల్లో ఎక్కడికైనా వెళ్లొద్దామంటే మా ఇంట్లో ముందు వినిపించే పేరు వైజాగే. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి సముద్రం దగ్గర ఉంటాం. మాకు తెలిసినవాళ్లు చాలామంది అక్కడికెళ్లి డబ్బంతా రెండింటి మీదే పెట్టేస్తారు. ఒకటి బీచ్ ఎదురుగా గది, రెండోది అరకుకి కారు. ఆ రెండూ వదిలేస్తే వైజాగ్ చాలా చవకైన ఊరు. అందరూ దాన్ని బీచ్ ఊరంటారు గానీ నాకు మాత్రం వైజాగ్ అంటే రేవే. ఆ రేవు చుట్టూ తిరగడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

వెళ్లింది నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మా బాబు. రైళ్లలో మా ఓటు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే. 1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి. మా అమ్మావాళ్ల తరానికి వైజాగ్ ప్రయాణమంటే అదే. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో నాంపల్లిలో బయల్దేరి, మర్నాడు తెల్లవారుజామున దింపేస్తుంది. స్లీపర్ టికెట్ మనిషికి 400 పైచిలుకు, థర్డ్ ఏసీ 1,100 పైన. ఆఫీసు నుంచి అంత త్వరగా బయటపడలేనివాళ్లకు రాత్రి సికింద్రాబాద్‌లో బయల్దేరే గరీబ్‌రథ్ నయం. మామూలు థర్డ్ ఏసీ కంటే కొంచెం తక్కువలో పోతుంది. వందేభారత్ మంచి బండే. కానీ మధ్యాహ్నం ఎక్కితే రాత్రి పొద్దుపోయాక దిగుతాం. శుక్రవారం సగం పూట సెలవు పెట్టాలి, పైగా ఆ రాత్రికి గది అద్దె అదనం. వారాంతానికి నేనైతే దాన్ని ఎంచుకోను.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. శుక్రవారం బెర్తులు తెరిచిన రోజే చూసుకోవాలి. ఇంకో మాట. భువనేశ్వర్, హౌరా వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి పక్కనుంచి వెళ్లిపోతాయి. దువ్వాడ నుంచి ఊళ్లోకి 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెల్లవారుజామున అక్కడ దిగితే రైల్లో మిగిల్చింది ఆటోకి పోతుంది. టికెట్ కొనేటప్పుడు స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

గది విషయంలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చు తగ్గేదీ పెరిగేదీ ఇక్కడే. ఇంతకుముందు ఓసారి బీచ్ రోడ్డులో ఒక హోటల్‌లో దిగాం. ఆన్‌లైన్‌లో ‘సముద్రం కనిపించే గది’ అని చూసి రాత్రికి 3,800 కట్టాం. సముద్రం గదిలోంచి కాదు, వరండా చివర కిటికీలోంచి కనిపించింది. అడిగితే, అదీ సముద్రమే కదా అన్నారు. పైగా మధ్యాహ్నం పన్నెండు దాకా గది ఇవ్వలేదు. ఆరు గంటలకు రైలు దిగినవాళ్లు అప్పటిదాకా సామానుతో ఏం చేయాలి?

అందుకే ఈసారి 24 గంటల లెక్కన గది ఇచ్చే లాడ్జి వెతికాం. స్టేషన్ దగ్గర దొండపర్తి వైపు, డాబాగార్డెన్స్‌లో, జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల ఇలాంటివి ఉన్నాయి. ఉదయం ఆరున్నరకు దిగితే మర్నాడు ఆరున్నర దాకా గది మనదే. ముగ్గురికి ఏసీ గది 1,500కి దొరికింది. గది చిన్నదే, కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో భవనం గోడ. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, రాత్రి పదకొండుకి కూడా కింద టీ దొరికింది. స్టేషన్‌కి మరీ దగ్గర లాడ్జిల్లో రాత్రంతా హారన్ల మోత. రెండు కిలోమీటర్లు ఇవతలికి వస్తే ఆ బాధ లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ కూడా దగ్గరే కాబట్టి నా సలహా డాబాగార్డెన్స్, జగదాంబ వైపే. అసలు గదే వద్దు, స్నానం చేసి నాలుగు గంటలు నడుం వాలిస్తే చాలనుకునేవాళ్లు రైల్వే రిటైరింగ్ రూమ్ ప్రయత్నించవచ్చు. ఖాయమైన టికెట్ ఉంటే ఐఆర్‌సీటీసీలో బుక్ అవుతుంది. వారాంతాల్లో దొరకడం కష్టం.

శనివారం పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు తిని బీచ్ రోడ్డు బస్సెక్కాం. రైల్వేస్టేషన్ నుంచి భీమిలి వెళ్లే 900కె. ఈ బస్సు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కుడివైపు కిటికీ సీటు దొరికిందంటే చాలు, ఇటు సముద్రం, అటు కొండలు, మధ్యలో మనం. ఇదే రోడ్డు మీద తిప్పడానికి ఒక క్యాబ్ ఏజెంటు రోజుకి 3,500 అడిగాడు. బస్సులో ముగ్గురికీ రానుపోను 300 కూడా దాటలేదు, మధ్యలో దిగి ఎక్కిన టికెట్లతో సహా. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్లకైతే 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో టికెట్టే లేదు. నాది తెలంగాణ కార్డు కాబట్టి కొనుక్కున్నాను. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెకర్ ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. ఒక టికెట్‌తో 24 గంటలు ఎక్కడైనా దిగి ఎక్కవచ్చు. మేం కనుక్కున్నప్పుడు మనిషికి 250. పిల్లలు పైఅంతస్తు కోసం సరదాపడితే సరే, లేదంటే మామూలు బస్సు చాలు.

భీమిలిలో రద్దీ తక్కువ. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, అన్నీ నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు మాత్రం మధ్యాహ్నం పూట వీధులన్నీ నిద్రపోతున్నట్టుంటాయి. డచ్చి సమాధుల దగ్గర ఇంకాస్త శ్రద్ధ తీసుకుంటే బాగుండేదనిపించింది. అంత పాత రాళ్ల చుట్టూ గడ్డి మోకాళ్ల ఎత్తు పెరిగి ఉంది.

తిరిగొస్తూ తొట్లకొండ దగ్గర దిగాం. రోడ్డు నుంచి పైకి నడక ఉంది కాబట్టి నీళ్లు పట్టుకెళ్లాలి. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం శిథిలాలు, కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడ్డాయట. అంత ఎత్తున కూర్చుని సముద్రం చూస్తుంటే భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అర్థమైంది. మా బాబు నోరు మూసుకుని పావుగంట కూర్చున్నాడంటే ఆ చోటు మహిమే. రుషికొండ బీచ్ శుభ్రంగా ఉంటుంది, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది. స్నానానికి హద్దులు గీసి, కాపలా పెట్టారు కాబట్టి నీళ్లలో దిగాలనుకుంటే అక్కడే దిగండి. ఆర్కే బీచ్‌లో మాత్రం పాదాలు తడుపుకోవడంతో ఆపండి. అక్కడ అలల లాగుడు ఎక్కువ, ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సాయంత్రం కైలాసగిరి. రోప్‌వే దగ్గర వరస చాలా పెద్దగా ఉంది. ఎండ తగ్గింది కాబట్టి మేం మెట్ల దారిలో ఎక్కేశాం. పైన జనం, బొమ్మల దుకాణాలు, టాయ్ ట్రైన్ కోసం పిల్లల మారాం. ఇవన్నీ ఉన్నా, అక్కణ్నుంచి కనిపించే ఒడ్డు వంపు కోసం ఎక్కాల్సిందే. ఒడ్డు అలా వంగి వంగి దూరాన డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర ఆగుతుంది. రాత్రి ఆర్కే బీచ్‌లో మూరీ మిక్స్చర్, వేడి వేడి మొక్కజొన్న పొత్తులు. జగదాంబ దగ్గర ముగ్గురం బిర్యానీ తింటే 700 అయింది.

అరకు ఎందుకు వెళ్లలేదని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు, ఘాట్ దారి. పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి అంతే. రెండు రోజుల్లో ఒక రోజు కారులోనే అయిపోతుంది. అరకు మీదుగా పోయే కిరండూల్ రైల్లో వెళ్తే సొరంగాలు, లోయలు చూస్తూ వెళ్లడం గొప్ప అనుభవమే. కానీ అద్దాల బోగీలో వారాంతం సీట్లు చాలా ముందే అయిపోతాయి. బొర్రా గుహలు, అరకు కలిపి చలికాలంలో విడిగా మూడు రోజులు పెట్టుకోవాలి. ఉరుకుల పరుగుల మీద చూసే చోటు కాదది.

ఇక ఆదివారం. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన రోజు. ఆరు గంటలకే గది ఖాళీ చేసి, సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాం. బ్యాగులకు తాళాలుంటేనే తీసుకుంటారు, రైలు టికెట్ చూపించాలి. అక్కణ్నుంచి ఆటోలో ఫిషింగ్ హార్బర్. స్టేషన్ బయట ఒకాయన 300 అన్నాడు, యాప్‌లో 110 చూపించింది.

ఫిషింగ్ హార్బర్ టూరిస్టుల కోసం కట్టింది కాదు. నేలంతా తడి, చేపల నీచు, ఐసు పెట్టెలు మోసుకుంటూ పరుగెత్తే మనుషులు. జారని చెప్పులు వేసుకుని, వాళ్ల దారికి అడ్డం రాకుండా నిలబడాలి. వేట నుంచి వచ్చిన బోట్లు వరసగా నిలబడి ఉన్నాయి. కోనాం, చందువ, పారలు, కవళ్లు, రొయ్యలు కుప్పలుగా పోసి వేలం పాడుతున్నారు. ఆ పాట వేగం అందుకోవడం నా వల్ల కాలేదు. కవళ్ల బుట్ట ముందు కూర్చున్నామె మా బాబు వైపు చూసి, “ఏటి బాబూ, అలా సూస్తావు? ఎప్పుడూ సేపల్ని సూడనేదేటి?” అని నవ్వింది. ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే, “నన్నెందుకమ్మా, సేపల్ని తియ్యి” అంది. 2023 నవంబరులో ఇక్కడే అగ్నిప్రమాదంలో నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఒక బోటంటే ఎన్ని ఇళ్ల బతుకో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. అందుకే అక్కడికి వెళ్లినవాళ్లు ముక్కు మూసుకుని, వాళ్ల ముఖాల మీద ఫోన్ పెట్టి వీడియోలు తీయడం నాకు కష్టంగా అనిపించింది.

అక్కణ్నుంచి పాతపట్నం, రాస్ హిల్. హార్బర్ పక్కనే మూడు కొండలు. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. రాస్ హిల్ మీద నుంచి రేవు కాలువ మొత్తం కనిపిస్తుంది. మేం ఉండగానే ఒక పెద్ద సరుకు ఓడ, దాన్ని లాగే చిన్న టగ్గు పడవల సాయంతో, డాల్ఫిన్ నోస్ కొండకీ మేం నిలబడ్డ కొండకీ మధ్యనుంచి నెమ్మదిగా లోపలికి వచ్చింది. అంత పెద్ద ఓడ అంత ఇరుకు దారిలో అంత దగ్గరగా వెళ్తుంటే చూడడానికి టికెట్ లేదు. ఈ రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న వచ్చింది. కాలువ నోటి దగ్గర అలలను ఆపడానికి అప్పట్లో రెండు పాత నౌకలను కావాలనే ముంచేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిందీ ఈ ఊరి మీదే. పేలని ఒక బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. విశాఖకి పదిసార్లు వెళ్లినవాళ్లలో కూడా రాస్ హిల్ ఎక్కినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. దయచేసి ఎక్కండి.

ఆ తర్వాత బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కుర్సురా జలాంతర్గామి. దాన్ని సోమవారం మూసేస్తారు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు గానీ ఆదివారం ఉదయం కూడా ఉంటుంది కాబట్టి మాకు కలిసొచ్చింది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన నౌక. 91 మీటర్ల పొడవైన ఆ గొట్టంలో 75 మంది దాకా ఎలా ఉండేవారో చూస్తేగానీ నమ్మలేం. లోపల వివరించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఒకాయన మా బాబు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబిచ్చాడు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియంకి తీసుకెళ్లడం మంచిది.

మధ్యాహ్నం కోనాం పులుసుతో భోజనం చేసి, సాయంత్రం గోదావరిలో తిరుగు ప్రయాణం. రైళ్లకు, గదికి, తిండికి, తిరుగుళ్లకు కలిపి ముగ్గురికి 8,000 లోపే అయింది. థర్డ్ ఏసీ అయితే ఇంకో 4,000 కలుపుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే భీమిలి బదులు శనివారం పొద్దున సింహాచలం పెట్టుకోవచ్చు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి. అక్షయ తృతీయ నాడు చందనోత్సవం, ఆ ఒక్కరోజు ఊరంతా జనసంద్రం. స్వామి నిజరూపం కోసమే అయితే వెళ్లండి, విహారానికైతే వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఫిషింగ్ హార్బర్‌లో ఈ సందడి ఉండదు, ఎండ కూడా భరించలేం. నౌకాదళం యుద్ధనౌకల విన్యాసాలు విశాఖలో పెట్టినప్పుడు వాటి కోసం ఆర్కే బీచ్ కిక్కిరిసిపోతుంది. అప్పుడు వెళ్లాలనుకుంటే రైలు కంటే ముందు గది చూసుకోవాలి.