మానవ జన్యువును కణాల్లోకి చేర్చడానికి ఏ వైరస్ మేలు: లెంటీవైరసా, అడినోవైరసా, ఏఏవీయా?

విశాఖపట్నంలో కణజీవశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థి ఒక మానవ జన్యువును కణాల్లో పనిచేయించాలనుకున్నప్పుడు, పక్క బల్ల మీద ఎవరు ఏ వెక్టర్ (జన్యువును కణంలోకి మోసుకెళ్లే, మార్పు చేసిన వైరస్) వాడుతుంటే దానినే తానూ తీసుకోవడం పరిపాటి. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. జన్యువు పొడవెంత, కణాలు విభజన చెందుతాయా, ప్రోటీన్ ఎన్నాళ్లు కావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టుకున్న తరువాతే వైరస్ పేరు ఎత్తాలి.

పొడవు సంగతి ముందు చూద్దాం. ఏఏవీలో (అడినో అసోసియేటెడ్ వైరస్ అనే చిన్న వైరస్) పట్టే డీఎన్ఏ సుమారు 4.7 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు) మాత్రమే, అందులోనే రెండు చివర్లలో ఉండే ఐటీఆర్‌లు (వైరస్ సొంత డీఎన్ఏ ముక్కలు), జన్యువును పనిచేయించే ప్రమోటర్, జన్యు సందేశానికి ముగింపు చెప్పే పాలీ-ఏ సంకేతం కూడా ఇమడాలి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు సంబంధించిన సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌లో 1480 అమైనో ఆమ్లాలున్నాయి కనుక దాని సంకేత భాగమే (ప్రోటీన్‌ను నిర్దేశించే డీఎన్ఏ) 4.4 కిలోబేస్‌లు దాటుతుంది, ఇక మామూలు ప్రమోటర్‌కు చోటెక్కడ? లెంటీవైరస్‌లో ఎనిమిది కిలోబేస్‌ల వరకు పెట్టవచ్చు గానీ, పొడవు పెరిగేకొద్దీ టైటర్, అంటే చేతికొచ్చే సోకగల వైరస్ సాంద్రత, పడిపోతుంది. ఈ1, ఈ3 అనే సొంత జన్యు భాగాలు తొలగించిన అడినోవైరస్‌లోనూ దాదాపు అంతే చోటు ఉంటుంది. పదకొండు కిలోబేస్‌ల డిస్ట్రోఫిన్ (కండరాల ప్రోటీన్) సంకేత భాగానికి మాత్రం ఈ మూడూ సాధారణ రూపంలో చాలవు.

పొడవు ఒక్కటే చూసినా పొరపాటే. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్నందున మన ఊరి విద్యార్థులకు, ఆ వ్యాధిలో లోపం ఉండే బీటా గ్లోబిన్ జన్యువు మీద ఆసక్తి కలగడం సహజం. ఆ ప్రోటీన్ సంకేతం 444 బేస్‌లే, ఏఏవీలో హాయిగా పడుతుంది. కానీ అది ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే, తగిన మోతాదులో పనిచేయాలంటే దాన్ని దూరం నుంచి నియంత్రించే లోకస్ కంట్రోల్ రీజియన్ అనే డీఎన్ఏలోని ముఖ్య భాగాలు వెంట ఉండాలి. జన్యువు చిన్నదే, పరివారం పెద్దది. పైగా రక్త మూలకణాల నుంచి పుట్టే కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, ఏఏవీ డీఎన్ఏ చాలావరకు క్రోమోజోమ్‌లో కలవకుండా విడిగా ఉంటుంది కనుక ప్రతి విభజనతో పలచబడిపోతుంది. లెంటీవైరస్ తెచ్చిన జన్యువు క్రోమోజోమ్‌లో అతుక్కొని పిల్లకణాలకూ సంక్రమిస్తుంది. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన సికిల్ సెల్ జన్యుచికిత్సల్లో ఒకటి లెంటీవైరస్ వెక్టర్ మీద ఆధారపడిందే.

అతుక్కోవడంలోనే చిక్కూ ఉంది. లెంటీవైరస్ ఎక్కువగా చురుకైన జన్యువుల లోపల ఎక్కడ పడితే అక్కడ దిగుతుంది, కనుక ఒక్కో క్లోన్ (ఒకే కణం నుంచి పెరిగిన కణాల సమూహం) ఒక్కో తీరున ప్రవర్తిస్తుంది. వంద కణాలకు ముప్పై చొప్పున వైరస్‌ను కలిపితే సుమారు ఇరవై ఆరు కణాలకు మాత్రమే సోకుతుంది, సోకిన వాటిలో ఎక్కువ శాతం ఒకే ప్రతిని పొందుతాయి. వెక్టర్‌లో యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువునూ చేర్చి, సోకని కణాలను ఆ యాంటీబయాటిక్‌తో తొలగించి, ఒక్క క్లోన్‌ను కాక మొత్తం గుంపును వాడడమే నా సలహా. మూలకణాల్లో సీఎంవీ (సైటోమెగలోవైరస్) ప్రమోటర్ కొన్నాళ్లకు మూగబోతుంటుంది కాబట్టి అక్కడ ఈఎఫ్1-ఆల్ఫా అనే మానవ జన్యువు ప్రమోటర్ నయం.

అడినోవైరస్‌ను ఇప్పుడు చిన్నచూపు చూస్తున్నారు గానీ, వారం రోజులపాటు విరివిగా ప్రోటీన్ కావాలంటే దానికి సాటి లేదు. ఒక్క రోజులోనే జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది, విభజన చెందని కణాల్లోకీ వెళుతుంది. అయితే తొలిసారి తయారు చేయడానికి వారాలు పడుతుంది, కార్ గ్రాహకం (అడినోవైరస్ అతుక్కునే, కణం ఉపరితలంపై ఉండే ప్రోటీన్) లేని చాలా రక్తకణాల్లోకి అది సరిగా చేరదు, జంతువుల్లో రోగనిరోధక ప్రతిస్పందనను గట్టిగా రేపుతుంది. ఎలుక మెదడులోనో, కాలేయంలోనో నెలల తరబడి జన్యువు పనిచేయాలంటే ఏఏవీయే మేలు. ఫలితం కనబడడానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. పెట్రీ డిష్‌లోని కణాలకు మాత్రం దాన్ని తీసుకోవడం నాకు అనవసర ఖర్చుగానే తోస్తుంది.

నిల్వ సంగతి కూడా మన ఊరికి చిన్నది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. లెంటీవైరస్‌కు కొవ్వుపొర ఉండడం వల్ల ఒక్కసారి కరిగి మళ్లీ గడ్డకట్టినా సత్తా బాగా తగ్గుతుంది, పొర లేని ఏఏవీ చాలా గట్టిది. లెంటీవైరస్ వాడేవారు చిన్న చిన్న గొట్టాల్లో పంచి దాచడం, వైరస్ తయారీకి వాడే వలయాకార డీఎన్ఏ అయిన ప్లాస్మిడ్‌ను వేరే ఫ్రీజర్‌లో కూడా ఉంచడం తప్పనిసరి.

ఏది ఎంచుకున్నా సంస్థలోని జీవభద్రతా కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. లెంటీవైరస్ పని సాధారణంగా రెండో స్థాయి భద్రత గల గదిలో జరుగుతుంది, అందులోనూ కణవృద్ధిని ప్రేరేపించే జన్యువును మోయించేటప్పుడు సూదులు, గాజు పరికరాలు దూరంగా పెట్టడం మంచిది. మొదటిసారి పని చేస్తున్నవారు, విభజన చెందే కణాలతో, ఐదు కిలోబేస్‌ల లోపు జన్యువుతో ఉంటే, నేను లెంటీవైరస్‌నే తీసుకోమంటాను.