వాన పాటా, కప్పల పద్యమా: చిన్నపిల్లల చేత ఇంట్లో ఏది చదివించడం మేలు?

ఐదారేళ్ల పిల్లల చేత ఇంట్లో నలుగురి ముందు వాన గురించో చెరువు గురించో ఒక కవిత చదివించాలనుకుంటే, తెలుగువారికి చేతికందే దూరంలో రెండు దారులున్నాయి. ఒకటి ‘వానా వానా వల్లప్ప’ అనే ఆటపాట. రెండోది బద్దెన రాసినదిగా చెప్పే సుమతీ శతకంలోని ‘ఎప్పుడు సంపద కలిగిన’ అనే కంద పద్యం. నీతి పద్యాన్ని ప్రకృతి కవితగా ఎలా లెక్కవేస్తారని పెద్దలు అడగవచ్చు గాని, అందులో నిండిన చెరువూ, చేరిన పదివేల కప్పలూ పిల్లలకు కనిపించినంత స్పష్టంగా సంపదా బంధువులూ కనిపించరు.

ఈ రెండింటినీ పిల్లల నోట నిలబెట్టేది ఒకే ధ్వని కావడం విశేషం. వాన పాటలో వల్లప్ప, చెల్లప్ప అంటూ పాదం చివర వచ్చే పకారపు ఒత్తు, పద్యంలో ఎప్పుడు, అప్పుడు, తెప్పలుగ, కప్పలు అంటూ ప్రతి పాదంలోనూ రెండో అక్షరమై ప్రాసగా నిలుస్తుంది. చోటు మారడంతో చదివే తీరే మారిపోతుంది. ప్రాస చివర ఉన్నప్పుడు పిల్లలు దాన్ని అందుకోవాలనే తొందరలో నడుమనున్న మాటలను మింగేస్తారు. మొదట్లో ఉన్నప్పుడు అది తరువాతి పాదానికి పట్టుకొమ్మ అవుతుంది. మరిచిపోయి ఆగినచోట ‘తెప్ప...’ అని మెల్లగా అందిస్తే చాలు, మిగిలిన పాదం దానంతటదే వస్తుంది.

అభినయం విషయంలో మాత్రం వాన పాటదే పైచేయి. చేతులు చాచి గిరగిరా తిరగడం ఎవరూ నేర్పనక్కరలేదు, నాలుగేళ్ల పిల్లలకు ఆ తిరగడమే పాట. అయితే తిరిగే పిల్లల గొంతు సగంసేపు గోడకే వినిపిస్తుంది, రెండో చుట్టుకే ఆయాసం వస్తుంది. వినేవారికి మాటలు అందాలంటే, ఒక పాదం నిలబడి చెప్పించి, ఆ తరువాత ఒక చుట్టు తిరగనివ్వడం మంచిది.

పద్యంలో చిక్కు ఊపిరితో వస్తుంది. కందంలో ఒకటి, మూడు పాదాలు 12 మాత్రలవి (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం), రెండు, నాలుగు పాదాలు 20 మాత్రలవి కాబట్టి, పొడుగు పాదం ఒక్క ఊపిరిలో ముగించడం చిన్నవారికి కష్టం. నాలుగో పాదంలో ‘కప్పలు పదివేలు చేరు’ దగ్గర ఊపిరి తీసుకొని ‘గదరా సుమతీ’ అంటే అర్థమూ తెగదు, చివరి దీర్ఘాన్ని హాయిగా సాగదీయడానికి గొంతులో బలమూ మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది రెండో పాదం చివరనున్న ‘అది యెట్లన్నన్’. అది ఎలాగంటావా అని అడగడమే దాని అర్థం. అక్కడ గొంతు కాస్త పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, ఒక్క క్షణం ఊరుకోమని చెప్పండి. ఆ నిశ్శబ్దం తరువాత చెరువు దానంతటదే నిండుతుంది. వేరే అభినయం అక్కరలేదు. ‘తెప్పలుగ’ అంటే నిండుగా అని ముందే చెప్పి ఉంచితే సరి.

ఏది ఎంచుకున్నా, ఫోనులోని రికార్డు వినిపించి అనుకరించమనడం కంటే పెద్దవారు ఒక్కొక్క పాదం చెప్పి, వెంట చెప్పించడమే మేలని నా అభిప్రాయం. రికార్డులోని శ్రుతి పెద్దవారి గొంతుది, దాని వేగం పిల్లల కోసం ఆగదు. విదేశాల్లో ఉన్న కుటుంబాలకు ఒక మినహాయింపు ఇవ్వవచ్చు: అక్కడి పిల్లలకు ఇంట్లోవారి నోట తప్ప తెలుగు పెద్దగా వినబడదు గనుక, అమ్మమ్మో నాయనమ్మో నెమ్మదిగా చదివి పంపిన గొంతు ఎంతో పనికొస్తుంది.

నాలుగైదేళ్ల వారికి వాన పాట, ఆరేళ్లు దాటినవారికి కప్పల పద్యం అన్నది నా తీర్పు. రెండూ వచ్చిన పిల్లలుంటే నేను పద్యాన్నే చదవమంటాను. కాని పండుగనాడు ఇంటికి చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం వాన పాటే క్షేమం, ఎందుకంటే సంపద కలిగినప్పుడు బంధువులు కప్పల్లా చేరతారని పసిగొంతు ఖణీగా వాళ్ల ముందే చెబుతుంటే, కాఫీ తెచ్చిన ఇల్లాలు ఎటు చూడాలో తెలియక నిలబడిపోవాల్సి వస్తుంది.