ఉప్పు, పంచదార, నిమ్మ: బరంపురం ఎండల్లో ఇంటి స్పోర్ట్స్ డ్రింక్

రెండు గంటలు దాటి సైకిల్ తొక్కేవాళ్ళకైనా, పరుగెత్తేవాళ్ళకైనా ఇంట్లో కలుపుకున్న డ్రింక్ సరిపోతుంది. సరిపోవడమే కాదు, ఒడిశాలోని మా గంజాం జిల్లా తీరంలో కొన్న డ్రింకు కంటే అదే నయం. కొన్నేళ్ళుగా గోపాల్‌పూర్ వైపు, రంభ వైపు, దిగపహండి మీదుగా తప్తపాణి ఘాట్ పైకి సైకిల్ మీద తిరుగుతూ నేను తాగుతున్నది ఇదే. మొదట్లో ఖర్చు తగ్గుతుందని మొదలుపెట్టాను. ఇప్పుడు ఎవరైనా ఊరికే ప్యాకెట్ ఇచ్చినా దాన్ని జేబులో పెట్టుకుని నా సీసా నేనే కలుపుకుంటాను.

ముందు కొలతలు చెప్పేస్తాను. లీటరు నీళ్ళకు పంచదార 50 నుంచి 60 గ్రాములు, ఉప్పు 2 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం. అంతే. తూకం లేనివాళ్ళకు పైన చదును చేసిన టీ చెంచాతో పంచదార పన్నెండు నుంచి పదిహేను చెంచాలు, ఉప్పు మూడోవంతు చెంచా. ఉప్పు దగ్గర మాత్రం చెంచాను నమ్మకండి. మెత్తటి ఉప్పుకూ కళ్ళుప్పుకూ చెంచాలో బరువు ఒకటి కాదు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న డిజిటల్ తూకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు అదొక్కటే. లీటరు డ్రింక్‌కి నిమ్మకాయతో కలిపి పదిహేను రూపాయలు కూడా అవదు. వేసవిలో నిమ్మకాయల ధర చుక్కలు చూపిస్తున్నప్పుడు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక గ్రాము వేసినా పులుపు వస్తుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. నేను ఈ డ్రింక్‌ని ఇంతగా వెనకేసుకు రావడానికి కారణం అదే. బరంపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరింటికే గాలి తడిగా ఉంటుంది. చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు కాబట్టి ఒళ్ళు ఇంకా ఎక్కువ చెమట పోస్తుంది. బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకుంటే లెక్క తెలిసిపోతుంది: తగ్గిన ప్రతి కిలోకు ఇంచుమించు లీటరు చెమట, దానికి మీరు దారిలో తాగింది కలపాలి. వేసవిలో నాకు గంటకు లీటరు దాటుతుంది. లీటరు చెమటలో పోయే సోడియం మనిషిని బట్టి 200 మిల్లీగ్రాముల నుంచి 2000 దాకా ఉండొచ్చు. నల్ల టీషర్టు ఆరాక దాని మీద తెల్లటి చారలు కడితే మీరు ఎక్కువ ఉప్పు పోగొట్టుకునే మనిషి అనుకోవచ్చు. నా టీషర్టు మీద వీపంతా కడతాయి.

మామూలు ఉప్పు గ్రాములో సోడియం 390 మిల్లీగ్రాములు. నేను చెప్పిన 2 గ్రాములకు 780 అవుతుంది. ఈ డ్రింకులన్నిటికీ పెద్దన్న లాంటి గేటరేడ్‌ని 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం తయారుచేసింది. దాన్లో లీటరుకు సోడియం 450 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఒక గంట ఆటకు అది బాగానే ఉంటుంది. అయిదు గంటలు మా ఎండలో తిరిగేవాళ్ళకు చాలదు. పోనీ ఇంకాస్త ఉప్పు వేసుకుందామంటే సీలు వేసిన సీసాలో ఎలా వేస్తాం?

ఉప్పు, చక్కెర కలిపి ఎందుకు తాగాలో అర్థమవ్వాలంటే మన పక్క రాష్ట్రం కథే ఒకటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు బెంగాల్ సరిహద్దులోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గ్లూకోజ్, ఉప్పు, తినే సోడా నీళ్ళలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టి రోగుల బంధువుల చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. చిన్నపేగు గోడలో గ్లూకోజ్, సోడియం ఒకే తలుపు గుండా జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. ఓఆర్‌ఎస్ అంతా ఆ సూత్రమే. మన సీసా కూడా అదే సూత్రం.

అలాగని ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే కలుపుకు పోతే సరిపోదా అని మా గ్రూపులో కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెప్తున్న కొలతలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. అది విరేచనాల రోగి కోసం చేసిన మందు. నీళ్ళు, లవణాలు తిరిగొస్తాయి గానీ కాళ్ళకు కావాల్సిన ఇంధనం అందులో లేదు. రైడ్ అయ్యాక తలనొప్పిగా, నీరసంగా ఉంటే మాత్రం నేను అదే తాగుతాను, చాలా బాగా పనిచేస్తుంది. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి జ్యూసులను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత పాటించని డ్రింకుల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశం ఇచ్చింది. పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఇది తప్పక తెలియాలి.

ఇక తీపి. గంటన్నర, రెండు గంటలు దాటే వ్యాయామానికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలని క్రీడా పోషణ నిపుణులు చెప్తారు. ఒక్క గ్లూకోజ్ అయితే పేగు గంటకు 60 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఫ్రక్టోజ్ వెళ్ళే దారి వేరు కాబట్టి రెండూ కలిస్తే 90 దాకా వెళ్ళొచ్చు. పంచదారలో ఆ రెండూ సగం సగం ఉన్నాయి. అందుకే మామూలు పంచదారను చిన్నచూపు చూడక్కర్లేదు. దాంతో చిక్కల్లా తీపి. మూడో గంటకు మొహం మొత్తుతుంది. అప్పటికి మాల్టోడెక్స్‌ట్రిన్ మంచిది. గ్లూకోజ్ గొలుసుల పొడి అది, తీపి చాలా తక్కువ. పొడుగు రైడ్లకు నేను సగం పంచదార, సగం మాల్టోడెక్స్‌ట్రిన్ వేస్తాను. ఇది మా ఊరి కొట్లలో నాకు దొరకలేదు, తెప్పించుకోవాల్సిందే. అది లేకపోయినా డ్రింక్‌కి పెద్ద లోటేం లేదు.

ఎండాకాలంలో పంచదార తగ్గించాలి, ఉప్పు పెంచాలి. చలికాలంలో తిరగేయాలి. నా అనుభవంలో ఇంటి డ్రింక్ గెలిచేది ఇక్కడే. మే నెలలో గంటకు లీటరు తాగుతాను కాబట్టి లీటరుకు 40 గ్రాముల తీపి చాలు, ఉప్పు 2.5 గ్రాములు. డిసెంబర్‌లో తెల్లవారుజామున తప్తపాణి ఎక్కేటప్పుడు గంటకు అరలీటరు కూడా దిగదు, కాబట్టి ఆ అరలీటరులోనే 40 గ్రాములు పట్టించాలి, అంటే లీటరుకు 80. ఉప్పు ఒక గ్రాము, గ్రామున్నర చాలు. ప్యాకెట్ మే నెలలోనూ డిసెంబర్‌లోనూ ఒకటే. వేసవిలో దాన్ని లీటరు లీటరు తాగితే కడుపు తిప్పుతుంది, నీళ్ళు పోసి పలచన చేస్తే ఉప్పు చాలదు.

మన సరుకులతో చేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. కొబ్బరి బొండాం గురించి అందరూ గొప్పగా చెప్తారు. పొటాషియం బాగా ఉంటుంది, నిజమే. సోడియం దానితో పోలిస్తే చాలా తక్కువ, చెమటలో పోయేదేమో సోడియం. ఛత్రపూర్ దారిలో పైడ (ఒడియాలో బొండాం) బండి కనిపిస్తే ఆగుతాను, కానీ జేబులోంచి ఉప్పు తీసి చిటికెడు వేసుకుంటాను. "బొండాంలో ఉప్పేంటి బాబూ, పాడైపోదూ!" అని తెలుగు వచ్చిన ఓ పైడ పెద్దాయన ప్రతిసారీ బాధపడతాడు. సీసాలో పోసుకుని తీసుకెళ్ళడం మాత్రం వద్దు, ఎండకు రెండు మూడు గంటల్లోనే వాసన తిరుగుతుంది.

బెల్లం నాకు ఇష్టం. అనకాపల్లి బెల్లంతో చేసిన పానకంలో శొంఠి, ఉప్పు వేస్తే ఏ కంపెనీ రుచీ దగ్గరికి రాదు. బలం మాత్రం పంచదార బలమే, ఎక్కువేమీ రాదు. గుడ్డలో వడకట్టకపోతే మడ్డి సీసా మూతి దగ్గర అడ్డుపడుతుంది, ఎండలో త్వరగా పులుస్తుంది. మొదటి సీసాకు బెల్లం, తర్వాతి వాటికి పంచదార అని పెట్టుకున్నాను.

చోడి (రాగి) అంబలి సీసాలో పనికిరాదు. చిక్కగా ఉంటుంది, తొక్కుతుంటే కడుపులో బరువుగా కదులుతుంది. అదే బయల్దేరడానికి రెండు గంటల ముందు పలచగా, ఉప్పేసి ఒక గ్లాసుడు తాగితే ఘాట్ మొదలయ్యేదాకా ఆకలి తెలీదు. రాయగడ, కొరాపుట్ కొండల్లో మండియా పేజ్ (రాగి జావ) తాగి పొద్దంతా పొలంలో పనిచేసేవాళ్ళకు ఇది నేను చెప్పాలా! ఇంటికొచ్చాక అయితే ఉప్పేసిన తొరాణి (పులిసిన అన్నం నీళ్ళు), పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం), పక్కన వడియాలు. నీళ్ళు, ఉప్పు, అన్నం మూడూ ఒకే గిన్నెలో.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. నిమ్మరసం ముందురోజు రాత్రి కలిపితే తెల్లారేసరికి చేదెక్కుతుంది, పొద్దున్నే పిండుకోవాలి. తీపి డ్రింక్ వాడిన సీసాను ఆ రోజే వేడినీళ్ళతో, బ్రష్‌తో కడగకపోతే మూత రబ్బరు కింద నల్లటి బూజు పడుతుంది. పళ్ళకు పులుపూ తీపీ రెండూ మంచివి కావు, అందుకే రెండో సీసా ఎప్పుడూ మంచినీళ్ళే, ప్రతి నాలుగైదు గుటకలకు ఒకసారి పుక్కిలించి మింగుతాను. ఇంకా, కొందరు అనుకున్నట్టు ఉప్పు తాగితే పిక్కలు పట్టెయ్యడం ఆగిపోతుందని నేను హామీ ఇవ్వను. అలవాటు లేని వేగంతో తొక్కితే ఎంత ఉప్పు తాగినా పట్టేస్తాయి.

భయపడాల్సింది మరొకటుంది: అవసరానికి మించి తాగడం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువీరుల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది, ఎక్కువగా తాగి పరుగులో బరువు పెరిగినవాళ్ళలో అది మరీ ఎక్కువ. ఉప్పు కలిపినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. దాహం వేసినప్పుడు తాగాలి, ఇంటికొచ్చేసరికి బరువు కాస్త తగ్గి ఉండాలి, పెరిగి ఉండకూడదు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా నా కొలతలు పాటించొద్దు. గంటలోపు నడకకు, జాగింగ్‌కు ఇవేవీ అక్కర్లేదు, మంచినీళ్ళు చాలు.

పొడుగు రైడ్ ఉందంటే ముందురోజు సాయంత్రం పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్, ఉప్పు, నిమ్మ ఉప్పు ఒక్కో సీసాకు తూచి చిన్న జిప్ కవర్లలో కడతాను. ప్రతి కవరు మీద స్కెచ్ పెన్‌తో ఎంత నీళ్ళకో రాస్తాను. దిగపహండిలో టీ కొట్టు దగ్గర సీల్డు నీళ్ళ బాటిల్ కొని, ఒక కవరు విప్పి పోసి, రెండు నిమిషాలు ఊపితే చాలు. పొడి తేమ తగిలితే గడ్డకడుతుంది కాబట్టి వర్షాకాలంలో రెండు కవర్లు వేయండి.