ఎంబీఏ కేస్ క్లాసుకు జూమ్ ఏమాత్రం పనికొస్తుంది?

లెక్చర్ చెప్పి ముగించే క్లాసుకు ఏ యాప్ అయినా ఒకటే. కేస్ చర్చ, అంటే ఒక కంపెనీ సమస్యను తీసుకుని క్లాసంతా వాదించే పాఠం, నడిపేటప్పుడే జూమ్ బలమూ, లొసుగులూ బయటపడతాయి. ఉచిత ఖాతాతో మాత్రం దిగకండి. 40 నిమిషాలకు మీటింగ్ తెగిపోతుంది, పోల్స్ (క్లాసులో ఓటు వేయించే సౌకర్యం) కూడా ఉండవు.

దీని అసలు ఆస్తి బ్రేకౌట్ రూములు, అంటే క్లాసును చిన్న గ్రూపులుగా విడగొట్టే విడి గదులు. రూముకు నలుగురైదుగురు, 10 నిమిషాలు చాలు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు కెమెరా ఆపేసి టీ తాగుతారు. గ్రూపులను సీఎస్‌వీ ఫైలుతో (పేర్ల పట్టికను సాదా టెక్స్ట్‌గా దాచే ఫైలు) ముందే కేటాయించొచ్చు. కానీ విద్యార్థి అదే ఈమెయిల్‌తో సైన్ ఇన్ అయి రాకపోతే ఆ కేటాయింపు పనిచేయదు. ఫోన్‌లోంచి లింకు నొక్కి వచ్చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకే పేరు ముందు గ్రూపు నంబరు పెట్టుకోమని చెప్పి, అది చూసి చేత్తో సర్దుకోవడమే నయం.

రూములు తెరిచాక, స్వయంగా వెళితే తప్ప లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు. జూమ్ సర్వర్‌లో దాచే క్లౌడ్ రికార్డింగ్‌లోనూ సాధారణంగా అందరూ ఉండే మెయిన్ సెషన్ ఒక్కటే వస్తుంది. దీనికి విరుగుడు ఒకే గూగుల్ స్లైడ్స్ ఫైలు. గ్రూపుకో స్లైడు, స్లైడుకు మూడు గళ్లు: నిర్ణయం, దానికి ఆధారమైన అంకె, ఒప్పుకోనివాళ్ల వాదన. నాలుగైదు నిమిషాలైనా ఏ స్లైడు ఖాళీగా ఉందో ఆ రూములోకి వెళ్లండి. ఫైలు లింకు రూములు తెరవకముందే చాట్‌లో వేయాలి. తర్వాత అన్ని రూములకూ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్, మాటల్లో పడ్డవాళ్ల కంటపడదు.

పోల్ బాగుంది. ఉదాహరణకు డెయిరీ కేస్ అయితే 'పాల ధర పెంచాలా, వద్దా' అని చర్చకు ముందొకసారి, తర్వాతొకసారి అడగండి. రెండు ఫలితాలూ పోల్చాలి కాబట్టి అదే ప్రశ్నను రెండు వేర్వేరు పోల్స్‌గా పెట్టుకోండి. మనసు మార్చుకున్నవాళ్లను పిలిచి ఎందుకని అడిగితే చర్చ దానంతటదే సాగుతుంది.

ఎక్సెల్ చూపించడం దగ్గరే విసుగు. స్క్రీన్ మొత్తం షేర్ చేస్తే ఫోన్‌లో చూసేవాళ్లకు అంకెలు చీమల్లా కనిపిస్తాయి. ఒక్క విండోనే షేర్ చేసి, ఎక్సెల్‌లో షీటు సైజును 150 శాతానికి పెంచండి. వీడియో క్లిప్ చూపించేటప్పుడు అది సాఫీగా ఆడాలని షేర్ మెనూలో టిక్ చేసిన ఆప్టిమైజ్ ఆప్షన్‌ను తీసేయడం మరిచిపోతే అక్షరాలు మసకబారతాయి. షీటు పాడైందనుకుని చాలామంది అక్కడే పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

60 మంది క్లాసుకు కోహోస్ట్‌గా (మీతోపాటు మీటింగ్ నడిపే అధికారం ఉన్నవాళ్లుగా) ఒక టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్, తప్పనిసరి. చాట్ చూస్తూ, రూములు సర్దుతూ, కేస్ నడపడం ఒక్కరివల్ల కాదు.